మోటారు మీటరును దిద్దుట



మోటారు కారు నడుపువాని కన్నులయెదుట గుండ్రని మీటరొకటి యుండును. దానిని స్పీడోమీటరందురు. దానిలో ముల్లు బండి వేగమును చూపును. ముల్లు క్రిందనున్న చిన్న గవాక్షములో దొరలు అంకెలు బండి నడచిన దూరమును చూపును. ఈ రెండు పనులును ఒకే డబ్బీలో జరుగుటచేత రెండును ఒక్క యంత్రమే యనుకొనువారు పెక్కుమంది. నేనును చాలకాల మట్లే యనుకొంటిని. ఆ యజ్ఞానము వలన ఇరువదిరెండు మాసములపాటు మా యూరివారియొద్ద రావలసినదానికంటె ఎక్కువ బాడుగ పుచ్చుకొంటిని. ఆ మీటరును ఎట్లు పరీక్షించితిమో, ఎట్లు దిద్దితిమో, దిద్దుటలో ఎట్లు పొరపడితిమో ఈ పూట మీకు మనవి చేసెదను.

ఇప్పటి క్రొత్త కారులలో ఈ యంత్రము లేదు. చక్రములకడనుండి వచ్చు విద్యుత్సంకేతములను లెక్కపెట్టి చిన్న కంప్యూటరే వేగమును చెప్పుచున్నది. కాని పాత అంబాసిడరులు, పాత జీపులు, పాత స్కూటరులు మన పల్లెలలో నింకను అక్కడక్కడ తిరుగుచునే యున్నవి. వానిలో నున్నది ఉక్కుతీగెతో తిరుగు పాత మీటరే.

నా బండి 1978వ సంవత్సరపు అంబాసిడరు. ఈ జాతి బండ్లు 1957లో మొదలయి, కలకత్తాకు సమీపముననున్న ఉత్తరపారాలో 2014 వరకు తయారయినవి. నేను దానిని 1991లో కొని, పర్మిటు పొంది, బాడుగకు నడుపుచుంటిని. పెండ్లివారు, కోర్టు పనులమీద పోవువారు, ఆసుపత్రికి పోవువారు ఎక్కుచుండిరి. కిలోమీటరునకు నాలుగు రూపాయల చొప్పున మీటరు చూచి పుచ్చుకొనుచుంటిని. ప్రతి ప్రయాణమును ఒక పుస్తకములో వ్రాసికొను అలవాటు నాకు మొదటినుండియు కలదు. ఆ యలవాటే తరువాత నాకు శిక్షయు, రక్షయు నయినది.

1995లో ఒకనాడు మా యూరిలో పూర్వము కరణీకము చేసిన పెద్దాయన నా ప్రక్కసీటులో కూర్చుండి పట్టణమునకు వచ్చిరి. దారి పొడవునను ఒక్క మాటయు నాడలేదు. వ్రేళ్ళ కణుపులమీద ఏదియో లెక్కించుకొనుచుండిరి. జపమనుకొంటిని. దిగిన తరువాత మీటరు వైపు వంగి చూచి, "అబ్బాయీ, రాళ్ళు ముప్పై ఎనిమిది. నీ మీటరు నలభై అంటోంది. ఆ రెండు కిలోమీటర్లు ఏ చేలో దాచావు?" అనిరి.

"బాబాయిగారూ, రాళ్ళు పాతినవాడు ఎక్కడో పొరపడి ఉంటాడు" అంటిని.

"రాయి బాడుగకు తిరగదు గదా నాయనా, దానికి అబద్ధమెందుకు?" అనిరి.

నాకు కోపము వచ్చినది. అయినను తిరుగుప్రయాణములో నేనును రాళ్ళు లెక్కించితిని. ముప్పదియెనిమిదియే. మీటరు మరల నలుబదియే చూపినది.

ఇక్కడ ఆ డబ్బీలో నేమున్నదో చెప్పవలసియున్నది. గేరుపెట్టె వెనుకభాగమున, చక్రములకు శక్తిని కొనిపోవు కడ్డీమీద మరవలె చుట్టబడిన పళ్ళుండును. ఆ మర పళ్ళు ఒక చిన్న పళ్ళచక్రమును త్రిప్పును. ఆ చిన్న చక్రమునకు, సన్నని ఉక్కుతీగెలను మెలివేసి చేసిన త్రాడొకటి తగిలింపబడియుండును. అదియే కేబులు. పైన తొడుగు కదలదు. లోపలి త్రాడు మాత్రము తిరుగుచుండును. అది నడుపువాని ముందున్న డబ్బీలోనికి పోయి అక్కడ నొక చిన్న అయస్కాంతమును గిరగిర త్రిప్పును.

ఆ అయస్కాంతమును కప్పుచు, దానిని తాకక, అల్యూమినియపు మూకుడువంటి చిన్న గిన్నె యుండును. ముల్లు ఈ గిన్నెకే అమర్పబడినది. అయస్కాంతము అల్యూమినియమును ఆకర్షింపదని మనమెల్లర మెరుగుదుము. అయినను అయస్కాంతము తిరుగుచుండగా గిన్నెయు దాని వెంట తిరుగజూచును. కుండలో కవ్వము తిరుగునపుడు పెరుగును కవ్వము వెంట తిరుగనారంభించుట మీరు చూచియే యున్నారు. ఇదియు నట్టిదే, కాని ఇక్కడ నడుమ పెరుగు లేదు, గాలి మాత్రమే. 1824లో అరాగో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తిరుగుచున్న రాగి పళ్ళెముపై నుంచిన అయస్కాంతపు సూది దానివెంట తిరుగుటను చూచి విస్మయపడెను. 1831లో ఇంగ్లండున ఫారడే దానికి కారణమును కనుగొనెను. కదలు అయస్కాంతము లోహములో విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తే తిరిగి అయస్కాంతపు కదలికను పట్టుకొని లోహమును లాగును. ఈ సూత్రముతో కారునకు వేగము చూపు మీటరును చేసి 1902లో పేటెంటు పొందినవాడు, ఆ దినములలో జర్మనీ యేలుబడిలోనున్న స్ట్రాస్‌బుర్గు నగరపు ఆటో షుల్జె. ఆ మరుసటి యేడే ఇంగ్లండులో మోటారు బండ్లకు గంటకు 20 మైళ్ళ పరిమితి నేర్పరచిరి. పరిమితి యున్నచోట కొలత యుండకతప్పదు గదా.

గిన్నె ఊరక తిరిగిపోకుండ చేతిగడియారములోనుండునటువంటి వెండ్రుకస్ప్రింగు దానిని వెనుకకు లాగుచుండును. వేగము రెట్టింపయినచో లాగుడును రెట్టింపగును, స్ప్రింగు రెండింతలు చుట్టుకొనును, ముల్లు రెండింతలు తిరుగును. అందుచేతనే మీటరు ముఖముమీద అంకెలు సమానమైన యెడములతో వ్రాయవచ్చును. ఇంకొక సూక్ష్మము చెప్పి ముందునకు పోయెదను. మన వేసవిలో డబ్బీ వేడెక్కిన కొలదియు అల్యూమినియములో విద్యుత్తు ప్రవహించుట కష్టమై ముల్లు తక్కువ చూపవలెను. దానికి విరుగుడుగా అయస్కాంతము ప్రక్క నికెలు, ఇనుము కలిపిన చిన్న రేకు నుంచుదురు. చలిలో అది అయస్కాంతశక్తిలో కొంత తాను మ్రింగును. వేడిలో మ్రింగుట మాని గిన్నెకు వదలిపెట్టును. ఆ రేకు నేర్పరచినవాని బుద్ధికి నేనిప్పటికిని నమస్కరింతును.

దూరము చూపు అంకెల సంగతి వేరు. అందులో అయస్కాంతము లేదు, స్ప్రింగు లేదు. అదే కేబులునుండి పళ్ళచక్రములద్వారా కదలిక నెమ్మదించుచు పోయి అంకెల డ్రమ్ములను త్రిప్పును. ఒక డ్రమ్ము పూర్తిగా ఒక చుట్టు తిరిగినపుడు ప్రక్కదానిని ఒక మెట్టు త్రోయును. ఇది ఇప్పటి ఊహ కాదు. సుమారు రెండువేల యేండ్లక్రిందట రోము దేశపు శిల్పి విట్రూవియసు ఇట్టి బండిని వర్ణించియున్నాడు. బండిచక్రము 400 చుట్లు తిరిగినచో ఒక మైలు. మైలునకొక గులకరాయి కంచుపాత్రలో ఖంగున పడును. సాయంకాలము రాళ్ళు లెక్కించినచో నాటి ప్రయాణము తేలును. మా కరణముగారు వ్రేళ్ళమీద చేసినదియు ఇంచుమించు ఇదియే.

కావున ముల్లు తప్పయిన అంకెలు ఒప్పు కావచ్చును. అంకెలు తప్పయిన, దోషము కేబులునకు ఈవలనుండదు, ఆవలనే, అనగా చక్రములవైపుననే యుండును.

ఆవల నేమి మారినది? పుస్తకము తిరుగవేసితిని. ఇరువదిరెండు మాసములక్రిందట నాలుగు టైరులును మార్పించియుంటిని. దుకాణములో పాత కొలత టైరులు లేవనియు, ఇవియు అదే చక్రమునకు పట్టుననియు చెప్పిరి. పట్టినవి; కాని ఎత్తు తక్కువ. పాత టైరు ఒక చుట్టు తిరిగిన బండి రెండు మీటరులు సాగుచుండెను. క్రొత్తది మీటరు 90 సెంటీమీటరులు మాత్రమే సాగించుచుండెను. మీటరునకు చక్రపు చుట్లు తెలియును గాని నేలపై దూరము తెలియదు. చుట్టునకు రెండు మీటరులని దానికి నేర్పియున్నారు. అది ఆ పాఠమునే వల్లించుచున్నది. కావున 38 నడచి 40 అనెను. గంటకు 57 పోవుచు 60 అనెను.

ఈ సంగతి తెలియగానే మా ఊరి మోటారు మేస్త్రీయొద్దకు పోయితిని. అతడు మీటరును విప్పి, స్ప్రింగు చివరను కొంచెము జరిపి, ముల్లును మూడు గీతలు క్రిందికి దించెను. రాళ్ళకడ గడియారముతో చూచితిమి. 57 పోవునపుడు 57 చూపెను. సంతోషించితిని. మరునాడు పట్టణమునకు పోయిన, దూరము మరల నలుబదియే! ముల్లును దిద్దినచో అంకెలు దిద్దుకొనవను సంగతి నాకప్పుడు బోధపడినది. ముల్లుకూడ సరిగా దిద్దుకొనలేదు. స్ప్రింగు చివర జరిపినచో అన్ని వేగములయందును అంతే తగ్గును. సందులలో 19 పోవునపుడు అది 17 చూపుచుండెను. అయస్కాంతపు బలమును తగ్గించినచో అన్ని వేగములకును దామాషాగా తగ్గునట; కొందరు పనివారు విద్యుత్తీగె చుట్టలోనుంచి తీసి అట్లు చేయుదురు. అదియైనను అంకెలకు పనికిరాదు. స్ప్రింగును మేస్త్రీ మొదట గీచుకొన్న గుర్తునకే మరల జరిపించితిని.

అప్పుడు కరణముగారే సర్వే చేయుదమనిరి. బడి ఆవరణలో టేపు పరచి 20 మీటరులు కొలిచి సున్నముతో రెండు గీతలు గీచితిమి. కేబులును మీటరు వెనుకనుండి విప్పి, లోపలి త్రాటికొనకు అట్టతో చేసిన బాణమును గ్రుచ్చితిని. బండిని గేరులో లేకుండ నుంచి, బండిలో ఎప్పటివలె నలుగురిని కూర్చుండబెట్టి, పిల్లలచేత ఈ గీతనుండి ఆ గీతకు త్రోయించితిమి. బరువులేని బండిని కొలువరాదు. టైరులో గాలియు సరిగా నుండవలెను. కరణముగారు బాణపు చుట్లను లెక్కించిరి. పదుమూడు చుట్లు, ఆపైన కొంచెము. ఏబదిచే హెచ్చించిన కిలోమీటరునకు 658 చుట్లు. ఇట్టి మీటరుల ముఖముమీద అడుగున చీమతలకాయలంత అంకె యొకటి అచ్చువేయుదురు. నా మీటరుమీద 625 అని యుండెను. కిలోమీటరునకు కేబులు ఎన్ని చుట్లు తిరుగవలెనో అది చెప్పును. (వినుటకు సులువుగా నుండుటకై అంకెలను కొంచెము గుండ్రము చేసి చెప్పుచున్నాను.) మైళ్ళ మీటరుమీద ఆ యంకె మైలునకు చెందినది, ఈ భేదము మరచినచో లెక్క యంతయు తలక్రిందగును.

658 కావలసినచోట 625 కావలెను. అనగా కేబులును ఇరువదింట ఒక పాలు నెమ్మదింపజేయవలెను. గేరుపెట్టెలోని చిన్న చక్రమునకు 18 పళ్ళున్నవి. దానికి బదులు 19 పళ్ళ చక్రము వేసినచో సరిపోవును. ఇదియే అన్నిటికంటె మేలైన మార్గము. ముల్లును అంకెలును ఒక్కసారిగా దిద్దుకొనును. కాని ఒక పన్ను పెరిగిన చక్రము కొంచెము లావగును. నా గేరుపెట్టె రంధ్రములో నది మర పళ్ళకు కుదురలేదు. బలవంతముగా పెట్టినచో రెండును అరగిపోవునని మేస్త్రీ వారించెను. కొన్ని దేశములలో ఇందుకొరకు రంధ్రము ప్రక్కకు జరిగిన తొడుగులను అమ్ముదురు, నాకు దొరకలేదు.

రెండవ మార్గము, కేబులునకు నడుమ చిన్న పళ్ళపెట్టె నమర్చుట. పట్టణములో లేతు మిషను మీద పనిచేయు నేర్పరియొకడు 18 పళ్ళ చక్రమును, 19 పళ్ళ చక్రమును కోసి, అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దదైన ఇత్తడి పెట్టెలో బిగించి యిచ్చెను. ముచ్చటగా నుండెను. బిగించి బండి కదలించితిని. ముల్లు సున్న దాటలేదు. సున్నకడనున్న మేకును అదిమిపట్టుకొని వణకుచుండెను. యంత్రము పాడయినదనుకొని దిగులుతో ఇల్లు చేరితిని. ఇంటికడ అంకెలు చూతునుగదా, ఉదయము వ్రాసికొన్నదానికంటె ఆరు కిలోమీటరులు తక్కువగా నున్నవి!

నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియలేదు. రెండు పళ్ళచక్రములు ఒకదానినొకటి త్రిప్పునపుడు ఒకటి కుడికి తిరిగిన రెండవది ఎడమకు తిరుగును. చెరకు గానుగ చూచిన ప్రతివానికిని తెలిసిన సంగతి. మా ముగ్గురిలో నొక్కనికిని తట్టలేదు. కేబులు వెనుకకు తిరుగుచున్నది. అంకెలును వెనుకకు నడచుచున్నవి. ఆ కాలపు మీటరులు పెక్కింటిలో వెనుకకు తిరుగకుండ ఆపు సాధనము లేదు.

మేస్త్రీ మాత్రము మీటరువైపు చాలసేపు చూచి, గొంతు తగ్గించి, "అయ్యగారూ, దీన్నిట్లాగే వదిలేయండి. సంక్రాంతికల్లా బండికి పదేళ్ళు తగ్గుతాయి. అమ్మితే ఇరవై వేలు ఎక్కువొస్తాయి" అనెను.

దాపరికమేల, ఒక రాత్రి ఆలోచించితిని. నేను కొన్ననాడు నన్నెవరో ఇట్లే చేసియుందురని యనుమానము. 1991లో ఆ బండి మీటరు 19,000 చిల్లర చూపెను. పదుమూడేండ్ల బండి అంతేనా నడచినది? ఆ మీటరులో ఐదే అంకెలు. 99,999 దాటగానే మరల సున్నలు వచ్చును. లక్ష దాటి తిరిగివచ్చినదో, ఎవరైన త్రిప్పిరో, అంకెలు చూచి చెప్పలేము. బ్రేకు పెడలుమీద రబ్బరు అరగి ఇనుము మెరయుచుండెను. డ్రైవరు సీటు గుంటపడియుండెను. స్టీరింగు చక్రము చేతులు పట్టుచోట నున్నగా నయియుండెను. అవి చూడవలసినది, నేను అంకెలు చూచితిని. పాత బండి కొనబోవువారు డ్రమ్ములమీది అంకెలు ఒక్క వరుసలో నున్నవో, ఒకటి పైకి ఒకటి క్రిందికి పోయినవో చూడుడు. వంకరగా నున్నచో ఎవరో విప్పియుండవచ్చును.

మరునాడు లేతు పనివానియొద్దకు పోయి నడుమ మూడవ చక్రము వేయించితిని. నడుమ చక్రమునకు ఎన్ని పళ్ళున్నను లెక్క మారదు, దిక్కు మాత్రము మారును. తిరిగి బిగించి, బడి ఆవరణలో మరల త్రోయించి, పట్టణమునకు పోయి వచ్చితిమి. 38 రాళ్ళు, మీటరు 38కి వెండ్రుకవాసి తక్కువ. కరణముగారు కణుపులు విడిచి నవ్విరి.

పెట్టె బిగించుచుండగా కేబులును గూర్చి నేర్చుకొన్నదొకటి రెండు ముక్కలలో చెప్పెదను. ముల్లు ఊగులాడుచున్నచో చాలసార్లు మీటరుది తప్పు కాదు. త్రాడు మెలికపడుటయో, ఎండుటయో కారణము. లోపలి త్రాటిని బయటకు తీసి బల్లమీద రెండు వ్రేళ్ళతో దొర్లించినచో మెలికపడినది ఎగిరెగిరిపడును; అది పారవేయవలసినదే. కందెన కొలదిగా పూయవలెను. మీటరువైపు కొనకు పూయరాదు. జిడ్డు పైకి ప్రాకి గిన్నెకు అంటుకొన్నచో ముల్లు పిచ్చిదానివలె పరుగెత్తును. కేబులును మోచేయివలె వంచరాదు.

నా బండిలో టైరు చిన్నదగుటచేత ముల్లు ఎక్కువ చూపెను. పెద్ద టైరులు వేసినవారి సంగతి ఇంతకంటె చెడ్డది. మా బంధువొకరు జీపునకు పదింట ఒక పాలు పెద్దవైన టైరులు వేయించిరి. ముల్లు 60 చూపునపుడు నిజముగా 66 పోవుచుండెను. ఆరే గదా యనుకొనరాదు. బ్రేకు వేసిన తరువాత బండి సాగు దూరము వేగపు వర్గమును బట్టి పెరుగును. నూరు అడుగులలో ఆగవలసినది నూట ఇరువదియొక్క అడుగులు పోవును. అందుచేతనే ఐక్యరాజ్యసమితి యూరపు సంఘమువారి 39వ నిబంధనలో మీటరు నిజమైన వేగముకంటె తక్కువ చూపుట ఎంతమాత్రమును కూడదనిరి. ఎక్కువ చూపుట మాత్రము పదింట ఒక పాలు, ఆపైన నాలుగు కిలోమీటరుల వరకు సహింతురు. టైరు అరుగుటకూడ లెక్కలోనిదే. క్రొత్త టైరు ఆరు మిల్లీమీటరులు అరిగినచో చుట్టునకు నూటికి రెండు పాళ్ళకు లోపుగా తగ్గును. అంత స్వల్పమునకు పెట్టెలు చేయించుట పిచ్చి.

మైళ్ళ మీటరును కిలోమీటరులకు మార్చుకొనువారును కలరు. మన దేశములో మెట్రిక్ కొలతలు 1958 అక్టోబరు 1న మొదలయినవి. అంతకుముందటి బండ్లలో మైళ్ళే. కొందరు మీటరు ముఖమున్న రేకును మాత్రము మార్చి, 60 ఉన్నచోట 96 దాటి వచ్చునట్లు క్రొత్త రేకు వేయించిరి. ముల్లునకు అది చాలును. డ్రమ్ములకు తెలియదు, అవి మైళ్ళే లెక్కించుచుండును. అట్టి బండి 62,000 చూపినచో కొన్నవాడు కిలోమీటరులనుకొనును. నిజముగా నది లక్షకు సుమారు రెండువందల ఇరువది మాత్రమే తక్కువ. లోపలి పళ్ళచక్రములు మార్చినగాని ఆ మార్పు పూర్తికాదు.

మీ మీటరు సరియైనదో కాదో చూచుటకు యంత్రమేమియు నక్కరలేదు. ముల్లును 60 మీద నిలిపి, నడుపువాడు కాక ప్రక్కనున్నవారు, రాతికి రాతికి నడుమ గడియారము చూడవలెను. అరువది సెకండ్లు పట్టినచో సరి. ముల్లు 40 మీదనున్నచో తొంబది సెకండ్లు పట్టవలెను. ఒక్క రాయి చాలదు, ఐదు రాళ్ళు చూడుడు. ఇప్పుడు జేబులోని ఫోను ఉపగ్రహములనుబట్టి వేగము చెప్పుచున్నది, అదియు మంచిదే.

ఇక పుస్తకము సంగతి. ఇరువదిరెండు మాసములలో బాడుగ పుచ్చుకొన్న కిలోమీటరులు 31,000. ఇరువదింట ఒక పాలు 1,550. నాలుగు రూపాయల చొప్పున 6,200 రూపాయలు. నాకది చిన్న మొత్తము కాదు. అయినను పేరుపేరున లెక్క వ్రాసికొని బయలుదేరితిని. కొందరు పుచ్చుకొనిరి. కొందరు మరుసటి బాడుగలో తగ్గించుమనిరి. పెండ్లి చేసిన ఒక ఆసామి, "నీకు పిచ్చి పట్టిందిరా" అని మజ్జిగ ఇచ్చి పంపెను.

ఒక్క ఇంటికడ మాత్రము నేను మరచిపోలేనిది జరిగినది. ఆ ఇంటి యజమానికి ఒకరాత్రి గుండెనొప్పి రాగా పట్టణమునకు నేనే తీసికొనిపోయితిని. ఆసుపత్రి చేరిన కొలదిసేపటికి ఆయన పోయిరి. రాకపోకలకు 80 కిలోమీటరులని పుచ్చుకొన్నాను, నిజము 76, తిరిగి ఇయ్యవలసినది పదునారు రూపాయలు. ఆయన భార్యకు మీటరు సంగతి యంతయు చెప్పి ఆ సొమ్ము చేతిలో పెట్టితిని. ఆమె చాలసేపు ఊరకుండి, "అయితే నాయనా, ఆ రాత్రి మనమనుకున్నంత వేగంగా పోలేదన్నమాటేనా?" అని యడిగెను.

ఆ రాత్రి అరువది దాటరాదని, ఆ పాత బండికి చీకటిదారిలో అంతకుమించి మంచిది కాదని, ముల్లును అరువది మీదనే పట్టియుంచితిని. 38 కిలోమీటరులు అరువది చొప్పున 38 నిమిషములు. ఏబదియేడు చొప్పున 40 నిమిషములు. లెక్క నా నోట వచ్చువరకు ఆమె నా ముఖమునే చూచుచుండెను. "రెండు నిమిషాలమ్మా" అంటిని. ఆమె పదునారు రూపాయలను కొంగున ముడివేసికొని లోనికి పోయెను. ఆ రెండు నిమిషములవలన ఏమైన తేడా వచ్చియుండునాయని తరువాత ఒక వైద్యుని అడుగవలెననుకొని, అడుగలేదు.

అమెరికాలో 1972లో చేసిన చట్టము ప్రకారము దూరపు అంకెలను వెనుకకు త్రిప్పుట నేరము. మరమ్మతు వలన పాత అంకె నిలుపుట సాధ్యము కానిచో సున్న పెట్టి, అంతకుముందున్న అంకెను, తేదీని వ్రాసి ఎడమతలుపు చట్రమునకు అంటింపవలెను. మనకు అట్టి కట్టడి యున్నను లేకున్నను, ఆ పద్ధతి నాకు నచ్చినది. నేనును తలుపు చట్రమునకు ఒక కాగితము అంటించి పైన లక్క పూసితిని. టైరులు మార్చిననాడు మీటరు 42,310, దిద్దిననాడు 84,310, ఈ రెంటి నడుమ ఇరువదింట ఒక పాలు తీసివేయవలెను, వెనుకకు తిరిగిన ఆరు కిలోమీటరులు కలుపవలెను, నేను కొనుటకు పూర్వము ఎంత నడచినదో తెలియదు. తరువాత మీటరు లక్ష దాటి సున్నకు వచ్చిననాడు ఆ తేదీయు దాని క్రింద వ్రాసితిని.

2003లో ఆ బండిని అమ్మితిని. కొనవచ్చినాయన తలుపు తెరచి, కండ్లద్దములు పెట్టుకొని, కాగితమును పైనుండి క్రిందివరకు రెండుసార్లు చదివెను. బండి చుట్టు తిరిగి పెడలులు చూచెను. పిమ్మట నేను చెప్పిన ధరలో రెండువేలు తగ్గించి యిచ్చి, కాగితమును చింపవద్దని చెప్పి, తోలుకొని పోయెను.